తూనీగల తపాలా బిళ్ళలు: తరచుగా అడిగే ప్రశ్నలు

తూనీగ బొమ్మ ఉన్న స్టాంపులు కూడబెట్టడం మొదలుపెట్టినవాళ్ళు అడిగే సందేహాలు ఎప్పుడూ దాదాపు అవే. ఇవి ఏ దశలో వస్తాయో ఆ వరసలో పేర్చాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

తూనీగల స్టాంపులు మొత్తం ఎన్ని ఉంటాయి? అన్నీ సంపాదించడం అయ్యే పనేనా?

అయ్యే పని కాదు. ఏటా ఎక్కడో ఒక దేశం కీటకాల షీటు వేస్తూనే ఉంటుంది, అందులో ఓ మూల తూనీగ ఉండనే ఉంటుంది. పూల స్టాంపుల మీద, చేపల స్టాంపుల మీద, పిల్లల బొమ్మల మీద కూడా వాలి ఉంటుంది. అన్నీ కావాలనుకున్నవాళ్ళు రెండేళ్ళలో విసిగి వదిలేస్తారు. ముందే ఒక గిరి గీసుకోండి: ఒక ఖండం, ఒక కాలం (ఉదాహరణకు 1950 నుంచి 2000 దాకా), లేదా తూనీగల్లో ఒక కుటుంబం (దగ్గరి జాతుల గుంపు). తెలుగు నేల మీద ఉన్నవాళ్ళకు మేం చెప్పేది ఒకటే: మన చెరువుల దగ్గర, వరిచేలలో కనిపించే జాతులు ఏయే దేశాల స్టాంపుల మీద ఉన్నాయో అవి పట్టుకోండి. పురుగును కళ్ళారా చూసి, దాని స్టాంపును పక్కన పెట్టుకోవడంలో ఉన్న సరదా వేరు. పదహారు పేజీల స్టాక్‌బుక్ (స్టాంపులు దోపుకునే పట్టీలున్న పుస్తకం) ఒక్కటి నిండేంత పరిధి మొదట్లో చాలు.

ఇండియా స్టాంపులతోనే మొదలుపెడదామనుకుంటున్నాను. వీలవుతుందా?

తూనీగల విషయంలో అది ఇరుకు దారి. మన తపాలా శాఖ కీటకాల మీద వేసిన స్టాంపుల్లో పెద్ద వాటా సీతాకోకచిలుకలదే. 1981లో ఒక సెట్, 2008లో అండమాన్ నికోబార్ దీవుల సీతాకోకచిలుకల సెట్ వచ్చాయి. 2017లో లేడీబర్డ్ పురుగులకు నాలుగు స్టాంపులు దక్కాయి. కాబట్టి దేశాన్ని కాకుండా జాతిని పట్టుకోండి. సింగపూర్ 1985లో వేసిన కీటకాల సెట్‌లో రెండు డాలర్ల స్టాంపు మీద ట్రైథెమిస్ అరోరా అనే తూనీగ ఉంది. గులాబీ కలిసిన ఎరుపు ఒళ్ళు, రెక్కల మొదట్లో తేనెరంగు మచ్చ, ఎర్రటి ఈనెలు. తెలంగాణలో, ఆంధ్రలో ఏ కుంట గట్టు మీదైనా ఈ మగ తూనీగ పుల్ల చివర కూర్చుని కనిపిస్తుంది. అదే సెట్‌లో ఐదు సెంట్ల స్టాంపు మీదున్న సెరియాగ్రియాన్ సెరినోరుబెల్లమ్ కూడా మన దేశపు జాతే.

మొదట ఏవి కొనాలి? నాలుగైదు పేర్లు చెప్పండి.

సులువుగా దొరికేవి, బొమ్మ నమ్మకంగా ఉన్నవి ఇవి.

స్విట్జర్లాండ్ 1951, ప్రో జువెంటూట్ సెట్. 10+10 సెంటీముల స్టాంపు మీద కాలోప్టెరిక్స్ స్ప్లెండెన్స్ అనే సన్న తూనీగ (డాంసెల్‌ఫ్లై). ప్లస్ గుర్తు తర్వాతి 10 పిల్లల సంక్షేమానికి వెళ్ళే అదనపు సొమ్ము. పాతదే అయినా భయపెట్టే ధరేం కాదు.

బ్రిటన్, 1985 మార్చి 12. ఐదు కీటకాల సెట్, గీసినది గోర్డన్ బెనింగ్‌ఫీల్డ్. అన్నిటికంటే పెద్ద విలువ 34 పెన్నీలది, దాని మీద ఎంపరర్ తూనీగ (అనాక్స్ ఇంపెరేటర్). లేత రంగుల్లో నీటి మొక్కల మధ్య ఉన్న ఆ బొమ్మ ఇప్పటికీ ఈ విషయంలో మంచి స్టాంపుల్లో ఒకటి.

జపాన్ 1986, కీటకాల వరస, 60 యెన్‌లు. ఇందులో ఎపియోఫ్లెబియా సూపర్‌స్టెస్ ఉంది. రెక్కలు సన్న తూనీగవి, ఒళ్ళు పెద్ద తూనీగది అన్నట్టుండే ప్రాచీన జాతి. దీని దగ్గరి చుట్టం ఎపియోఫ్లెబియా లెయిడ్‌లావీ మన హిమాలయాల్లో, డార్జిలింగ్ వైపు ఉంటుంది.

జర్మనీ 1991. ఇది పూర్తిగా తూనీగల సెట్. నాలుగు జాతులు, ఎనిమిది స్టాంపులు: నాలుగు వేర్వేరు విలువలతో, నాలుగు 60 ఫెన్నిగ్‌లవి కలిపి ముద్రించిన గుత్తిగా. ఒక్కటే కొనగలిగితే ఇదే కొనండి.

అమెరికా 1999, ‘కీటకాలు, సాలీళ్ళు’ అన్న ఇరవై స్టాంపుల షీటు, 33 సెంట్లు. అందులో ఎబొనీ జ్యుయెల్‌వింగ్ అనే నల్లరెక్కల సన్న తూనీగ ఉంది.

డాంసెల్‌ఫ్లైలు కూడా తూనీగల లెక్కేనా?

అవును, రెండూ ఒడొనేటా అన్న ఒకే క్రమానికి (ఆర్డర్) చెందిన పురుగులు. పెద్ద తూనీగలు వాలినప్పుడు రెక్కలు రెండు పక్కలకూ పరిచే ఉంచుతాయి, వెనక రెక్క ముందు రెక్క కంటే మొదట్లో వెడల్పు. సన్న తూనీగలు (డాంసెల్‌ఫ్లైలు) చాలావరకు రెక్కలు వీపు మీద దగ్గరికి చేర్చుకుంటాయి, నాలుగు రెక్కలూ ఇంచుమించు ఒకే ఆకారం. కళ్ళు తలకు చెరో చివర, డంబెల్ మాదిరి. కేటలాగుల్లో రెంటినీ ‘డ్రాగన్‌ఫ్లై’ అనే రాసేస్తారు. కాబట్టి వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి. విడదీసి సేకరించాలా కలిపా అన్నది మీ ఇష్టం. మా అభిప్రాయం: కలిపే పెట్టండి, విడదీస్తే మంచి స్టాంపులు సగం పోతాయి.

చేతిలో ఏమేం సామాను ఉండాలి?

మొన చదునుగా ఉన్న స్టాంపు ట్వీజర్ (మందుల షాపులో దొరికే సూది మొన ట్వీజర్ కాగితాన్ని పొడుస్తుంది), పది రెట్లు పెద్దది చేసే భూతద్దం, నల్ల పేజీల స్టాక్‌బుక్, పర్ఫరేషన్ గేజ్ (స్టాంపు అంచు రంధ్రాలు కొలిచే పట్టీ). ఇవి చాలు. గేజ్ చెప్పేది రెండు సెంటీమీటర్ల నిడివిలో ఎన్ని రంధ్రాలున్నాయన్నది. ‘14’ అంటే రెండు సెంటీమీటర్లకు పద్నాలుగు, ‘14 x 15’ అంటే అడ్డం అంచున 14, నిలువు అంచున 15. అల్ట్రావయొలెట్ దీపం బ్రిటన్ స్టాంపుల మీద భాస్వర పట్టీలు చూడ్డానికి పనికొస్తుంది గానీ తూనీగల కోసం మొదటి ఏడాదే కొనక్కర్లేదు. స్టాక్‌బుక్ విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. చవక ఆల్బమ్‌లలో పీవీసీ ప్లాస్టిక్ మెత్తబడి స్టాంపు ముఖానికి అంటుకుంటుంది, రంగును కూడా లాగేస్తుంది.

## బొమ్మలో ఉన్నది ఏది?

స్టాంపు మీద పేరు లేదు. బొమ్మ చూసి జాతి ఎలా చెప్పాలి?

భూతద్దం పట్టుకుని ఈ వరసలో చూడండి. మొదట కళ్ళు: రెండూ తల మీద బాగా కలిశాయా, ఒక్క చుక్క దగ్గరే తాకాయా, ఎడంగా ఉన్నాయా? బాగా కలిస్తే ఏష్నిడే లేదా లిబెల్యులిడే కుటుంబం. ఒక్క బిందువు దగ్గర తాకితే కార్డులెగాస్టర్ ప్రజాతి. ఎడంగా ఉంటే గోంఫిడే కుటుంబం లేదా సన్న తూనీగ. తర్వాత రెక్కల మొదలు: అక్కడ రంగు మచ్చ ఉందా లేదా. ఆ తర్వాత కడుపు ఆకారం, దాని మీద గీతలు, ఆఖరున కాళ్ళ రంగు.

జర్మనీ 1991 సెట్ దీనికి చక్కటి పాఠం. లిబెల్యులా డిప్రెస్సాకు కడుపు వెడల్పుగా చదునుగా ఉంటుంది, నాలుగు రెక్కల మొదట్లోనూ ముదురు మచ్చ, మగది బూడిద నీలం, ఆడది పసుపు గోధుమ. సింపెట్రమ్ సాంగ్వినియమ్ రక్తపు ఎరుపు, కాళ్ళు పూర్తిగా నలుపు. కాళ్ళ మీద పసుపు గీత కనిపిస్తే అది వేరే సింపెట్రమ్ అని అనుమానించాలి. కార్డులెగాస్టర్ బోల్టోని నల్లటి ఒంటి మీద పసుపు కట్లు, కళ్ళు ఆకుపచ్చ. ఏష్నా విరిడిస్ ఆకుపచ్చ ఛాతీ ఉన్న పెద్ద తూనీగ. ఆడది గుడ్లు పెట్టేది దాదాపుగా స్ట్రాటియోటిస్ అనే ఒక్క నీటి మొక్క మీదే. ఆ మొక్క పోతే తూనీగా పోతుంది. యూరప్‌లో దీన్ని కాపాడాల్సిన జాతుల్లో చేర్చింది అందుకే.

కాలోప్టెరిక్స్ స్ప్లెండెన్స్‌కూ, రెక్క అంతా నల్లగా ఉండే దాని చుట్టాలకూ తేడా ఎలా తెలుస్తుంది?

రెక్క చూడండి. స్ప్లెండెన్స్ మగదానికి రెక్క నడుమ నీలి పట్టీ, మొదలూ చివరా గాజులా తేటగా ఉంటాయి. అదే యూరప్‌లోని కాలోప్టెరిక్స్ వర్గో మగదానికి రెక్క దాదాపు మొత్తం ముదురు రంగే. అమెరికాలో ఎబొనీ జ్యుయెల్‌వింగ్ (కాలోప్టెరిక్స్ మాక్యులేటా) మగదానికి రెక్క పూర్తి నలుపు, ఒళ్ళు లోహపు ఆకుపచ్చ. ఆడదానికి రెక్క పొగ రంగు, కొసన తెల్ల చుక్క. స్టాంపు మీద తెల్ల చుక్క కనిపిస్తే ఆడది అని ధైర్యంగా రాసుకోవచ్చు.

స్టాంపు మీద ఒక శాస్త్రీయ నామం, పుస్తకంలో ఇంకొకటి. ఏది సరైనది?

మీ పేజీలో ఇప్పటి పేరు రాయండి, పక్కన ‘స్టాంపు మీద:’ అని పాతది కూడా రాయండి. ఈ పేర్లు చాలాసార్లు మారాయి. 1758లో లినేయస్ తూనీగలన్నిటినీ లిబెల్యులా అన్న ఒకే ప్రజాతిలో పెట్టాడు. 1775లో ఫాబ్రిషియస్ ఏష్నా, అగ్రియాన్ అని వేరుచేశాడు. ఇప్పుడు కాలోప్టెరిక్స్ అంటున్న సన్న తూనీగలను చాలాకాలం అగ్రియాన్ అనే రాశారు. అందుకే స్విస్ 1951 స్టాంపును పాత కేటలాగుల్లో ‘అగ్రియాన్’ అన్న పేరుతోనే చూస్తారు. ఏష్నాను ‘ఏస్ఖ్నా’ అన్న అక్షరక్రమంతో రాయడం కూడా పాత అలవాటు. జాలంలో వెతికేటప్పుడు రెండు రకాలుగానూ వెతకకపోతే స్టాంపులు తప్పిపోతాయి. పేరు మారడం వేరు, తప్పు పేరు వేరు. బొమ్మ ఒకటి, పేరు ఇంకొకటిగా ఉన్న స్టాంపులు కూడా ఉన్నాయి, అప్పుడు బొమ్మనే నమ్మండి.

చిత్రకారులు ఎక్కువగా చేసే తప్పులేమిటి?

ప్రతి బ్యాచ్‌లోనూ దొరుకుతాయి, వెతకడం కూడా సరదాయే. పెద్ద తూనీగను సన్న తూనీగలా రెక్కలు ముడిచి కూర్చోబెట్టడం. పొడవాటి మీసాలు పెట్టడం. తూనీగ మీసం వెంట్రుక ముక్కంత, కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. కాళ్ళను కడుపు దాకా సమాన దూరంలో పేర్చడం. నిజానికి ఆరు కాళ్ళూ ఛాతీకే, అదీ ముందుకు తోసినట్టు ఉంటాయి. రెక్కల ఈనెలను సీతాకోకచిలుక రెక్కలా కలిపేయడం. రెక్క అంచున కొసకు దగ్గర ఉండే చిన్న రంగు గడి (టెరోస్టిగ్మా) మరిచిపోవడం. ఆడదానికి మగదాని రంగు వేయడం. కడుపును పది ఖండాలకు బదులు పదిహేను చేసినవాళ్ళూ ఉన్నారు.

పొడవాటి, చివర గుండు ఉన్న మీసాలు కనిపిస్తే అది చిత్రకారుడి తప్పు కాకపోవచ్చు, అసలది తూనీగే కాకపోవచ్చు. ఔల్‌ఫ్లై అనీ, ఇసుకలో గుంట తవ్వి చీమల కోసం కాచుకునే పురుగు పెద్దదయ్యాక వచ్చే యాంట్‌లయన్ అనీ దూరం నుంచి తూనీగల్లాగే ఉంటాయి. అమ్మేవాళ్ళు వాటినీ తూనీగల కిందే అంటగడతారు.

రాక్షసబల్లుల స్టాంపుల మీద పెద్ద తూనీగ ఉంటుంది. అది నిజమైన తూనీగేనా?

చాలావరకు అది మెగాన్యూరా. రెక్కల విప్పు దాదాపు 65 సెంటీమీటర్లు, కాలం 30 కోట్ల ఏళ్ళ కిందటి కార్బోనిఫెరస్ యుగం. ఫ్రాన్స్‌లోని కొమాంత్రీ బొగ్గుగనుల్లో దొరికిన శిలాజానికి 1885లో షార్ల్ బ్రోనియార్ పేరు పెట్టాడు. శాస్త్రపరంగా ఇది ఇప్పటి తూనీగలకు దగ్గరి చుట్టం మాత్రమే, వేరే శాఖకు చెందింది. రాక్షసబల్లుల కంటే చాలా ముందే పోయింది, కాబట్టి డైనోసార్ పక్కన ఎగురుతున్నట్టు గీసిన స్టాంపులు కాలాన్ని కలగాపులగం చేసినవే. సేకరణలో పెట్టుకోవచ్చు, మొదటి పేజీకి బాగుంటుంది కూడా.

పాంటలా ఫ్లావెసెన్స్‌కు ఎందుకంత ప్రాధాన్యం?

వానాకాలం చివర్లో మైదానాల మీద, ఊరి బయట గుంపులు గుంపులుగా తిరిగే పసుపు తూనీగ ఇదే. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లో ఉంటుంది. భారతదేశం నుంచి మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు వెళ్తుందని 2009లో చార్ల్స్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త ప్రతిపాదించాడు. అందువల్ల ఒకే జాతితో ఖండాలన్నీ తిరిగే సేకరణ చేయాలనుకుంటే దీనికి మించింది లేదు. గుర్తించడానికి ఛాతీ, కడుపు బంగారు పసుపు, వెనక రెక్క మొదట్లో చాలా వెడల్పు.

## కొనేటప్పుడు

ఎక్కడ కొనాలి? పోస్టాఫీసులో దొరుకుతాయా?

హైదరాబాద్ అబిడ్స్ జీపీవోలో, విజయవాడ, విశాఖపట్నం వంటి పెద్ద పోస్టాఫీసుల ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ) కౌంటర్లలో దొరికేవి ఇండియా స్టాంపులే, విదేశాలవి ఉండవు. తూనీగల కోసం స్టాంపు ప్రదర్శనల్లో వచ్చే డీలర్లు, ఊళ్ళోని ఫిలాటెలీ సంఘాలు, ఇతర సేకరణకర్తలతో మార్పిడి, ఆన్‌లైన్ వేలం, ఇవే దారులు. ఎప్పుడూ ముఖమూ వెనకా రెండు ఫొటోలు అడగండి. వెనక ఫొటో ఇవ్వనంటే వదిలేయండి.

అమెరికాలోనో బ్రిటన్‌లోనో బంధువులుంటే ఇంకో దారి. అమెరికాలో 1861 నుంచి వచ్చిన స్టాంపులన్నీ ఇప్పటికీ చెల్లుతాయి. 62 సెంట్ల తూనీగ స్టాంపు (2008) మీ అన్నయ్యో పిన్నికూతురో ఉత్తరానికి అంటించి పంపితే అసలైన తపాలా ముద్రతో కవరు చేతికొస్తుంది. బ్రిటన్‌లో రాణి తల ఉన్న బార్‌కోడ్ లేని మామూలు స్టాంపులు 2023 జులై తర్వాత చెల్లడం లేదు గానీ, బొమ్మల ప్రత్యేక స్టాంపులు చెల్లుతున్నాయి. ఎంపరర్ 34 పెన్నీలది ఈనాటికీ ఉత్తరం మీద వాడొచ్చు, మిగతా రుసుముకు ఇంకొన్ని కలపాలంతే.

సెట్ మొత్తం కొనాలా, తూనీగ ఉన్న ఒక్కటి చాలా?

తూనీగ ఒక్కటే చాలు. 1980ల తర్వాతి సెట్లలో చాలావాటిని డీలర్లు విడగొట్టి అమ్మడానికి ఇష్టపడరు. అలాంటప్పుడు సెట్ కొని, మిగిలినవి సీతాకోకచిలుకలు సేకరించేవాళ్ళకు మార్పిడికి ఇచ్చేయండి. రెండు సందర్భాల్లో మాత్రం విడగొట్టవద్దు. ఒకటి, స్టాంపులు అంచులు కలిసి ఒకే బొమ్మలో భాగంగా ఉన్న గుత్తి. రెండు, అమెరికా 1999 షీటు లాంటివి. అందులో ప్రతి పురుగు గురించీ వివరం స్టాంపు వెనక అట్ట మీద ముద్రించారు. ఒలిచేస్తే ఆ రాత పోతుంది.

మింట్ మేలా, వాడినవి మేలా?

బొమ్మ కోసం సేకరిస్తే మింట్ (వాడని, వెనక జిగురు చెదరని స్టాంపు). తపాలా చరిత్రగా చూస్తే తారీకు, ఊరు స్పష్టంగా చదవగలిగేలా ముద్ర పడిన వాడిన స్టాంపు. రెంటికీ మధ్యది ఒకటుంది, దానితో జాగ్రత్త: ముద్ర కొట్టి మరీ అమ్మేవి. వీటిని సీటీవో అంటారు. గుర్తుపట్టడం సులువు. నాలుగు స్టాంపుల కూడలిలో సరిగ్గా పావు వృత్తం ముద్ర, వెనక తిప్పితే జిగురు చెక్కుచెదరకుండా ఉంటుంది. అంటే ఆ స్టాంపు ఉత్తరం ముఖమే చూడలేదు. 1960-80ల నడుమ వచ్చిన జంతువుల, పురుగుల సెట్లలో ఇవి కుప్పలు తెప్పలు. పిల్లలకు నేర్పడానికి బాగానే ఉంటాయి, ప్రదర్శనలో మాత్రం మార్కులు రావు.

ఈ స్టాంపు అసలు ఏ పోస్టాఫీసూ వేసింది కాదంటున్నారు. అదెలా తెలుసుకోవాలి?

పురుగుల బొమ్మలకు గిరాకీ ఎక్కువ కాబట్టి, ఏ తపాలా సంస్థా అనుమతించని షీట్లు ఈ విషయంలో చాలా తిరుగుతున్నాయి. రష్యాలోని స్వయంపాలిత ప్రాంతాల పేర్లు, అబ్ఖాజియా లాంటి పేర్లు, మధ్య ఆసియా, ఆఫ్రికా దేశాల పేర్లు వాటి మీద ఉంటాయి. ఆయా దేశాలే తమవి కావని ఫిర్యాదు చేస్తే, యూనివర్సల్ పోస్టల్ యూనియన్ (1874లో మొదలైన సంస్థ, కార్యాలయం బెర్న్‌లో) సభ్య దేశాలకు సర్క్యులర్లు పంపుతుంది.

2002 జనవరి 1 తర్వాతి స్టాంపైతే, డబ్ల్యూఎన్‌ఎస్ (ఆ యూనియన్ నడిపే అసలు స్టాంపుల నమోదు) జాబితాలో సంఖ్య ఉందేమో చూడండి. అన్ని దేశాలూ అందులో లేవు కాబట్టి లేకపోతే నకిలీ అని కాదు, ఉంటే మాత్రం నిశ్చింత. పాతదైతే స్టాన్లీ గిబ్బన్స్, స్కాట్, మిషెల్, ఇవెర్ కేటలాగుల్లో కనీసం ఒకదాంట్లో సంఖ్య దొరకాలి. అనుమానం పెంచే గుర్తులు: ఒకే షీట్‌లో తూనీగతో పాటు స్కౌట్ గుర్తో, రోటరీ చక్రమో, సినిమా తారో ఉండటం. అలా చేస్తే నాలుగు రకాల సేకరణకర్తలకూ ఒకే షీటు అమ్ముకోవచ్చు కదా.

అజ్మాన్, ఫుజైరా, ఉమ్ అల్ క్వైన్ అని ఉన్నవి నకిలీలేనా?

నకిలీలు కావు, కానీ సేకరణకర్తల జేబుల కోసమే వేసినవి. గల్ఫ్‌లోని ఈ చిన్న షేక్ రాజ్యాలు 1960లలో, 1971 డిసెంబర్‌లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఏర్పడే కాలం దాకా, విదేశీ ఏజెంట్ల ద్వారా లెక్కలేనన్ని బొమ్మల స్టాంపులు వేయించాయి. రంగులు బ్రహ్మాండం, ధర కారుచౌక. మొదటి ఆల్బమ్‌కు తీసుకోండి, పెట్టుబడి అనుకోకండి.

కేటలాగులో ఒక ధర, డీలర్ ఇంకో ధర. ఎందుకు?

కేటలాగు ధర మంచి స్థితిలో ఉన్న ఒక్క స్టాంపును దుకాణం అమ్మితే అడిగే ధర. అందులో దుకాణం ఖర్చు కూడా ఉంటుంది. 1980 తర్వాతి సెట్లు లక్షల్లో ముద్రించారు కాబట్టి బయట అందులో చిన్న భాగానికే దొరుకుతాయి. హింజ్ (స్టాంపును పేజీకి పట్టించే చిన్న జిగురు కాగితం) అంటించిన మచ్చ ఉంటే ఇంకా దిగుతుంది. మీరు అమ్మబోతే వచ్చేది అంతకంటే తక్కువే.

## నానబెట్టడం, దాచడం

కవరు మీది స్టాంపును చిరగకుండా ఎలా తీయాలి?

స్టాంపు చుట్టూ సెంటీమీటరు కాగితం వదిలి కత్తిరించండి. వెడల్పు గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు, బొమ్మ పైకి ఉండేలా తేలనివ్వండి. పదిహేను ఇరవై నిమిషాల్లో స్టాంపు దానంతటదే జారుతుంది. లాగొద్దు. జారకపోతే ఇంకో పది నిమిషాలు. వెనక మిగిలిన జిగురును వేలితో నీళ్ళలోనే తుడిచి, ట్వీజర్‌తో తీసి, తెల్ల బ్లాటింగ్ కాగితం మీద బోర్లా పెట్టండి. న్యూస్‌పేపర్ వాడితే సిరా అంటుతుంది. తడి ఆరాక లావుపాటి పుస్తకం కింద ఒక రాత్రి ఉంచితే ముడతలు పోతాయి. ఎండలో ఆరబెట్టొద్దు, రంగు వెలుస్తుంది.

ఎర్ర కవర్లు, ముదురు రంగు శుభలేఖ కవర్ల ముక్కలు వేరే గిన్నెలో వేయండి. ఒక్క ముక్క రంగు దిగితే గిన్నెలోని స్టాంపులన్నీ గులాబీ అవుతాయి.

స్టిక్కర్ లాంటి స్టాంపు ఎంత నానబెట్టినా రావడం లేదు.

రాదు. పాత స్టిక్కర్ స్టాంపులకు జిగురు కింద నీటిలో కరిగే పొర ఉండేది. అమెరికా 2004 ప్రాంతం నుంచి, బ్రిటన్ 2009 నుంచి రోజువారీ స్టిక్కర్ స్టాంపులకు ఆ పొర తీసేశాయి. వాటిని నానబెడితే కాగితం చీలి పొట్టు లేస్తుంది. చుట్టూ మూడు నాలుగు మిల్లీమీటర్లు సమానంగా వదిలి, కవరు కాగితంతోనే చక్కగా కత్తిరించి పెట్టుకోండి. ముద్ర బాగుంటే కవరు మొత్తం ఉంచడం ఇంకా మంచిది.

మాది కాకినాడ. వానాకాలంలో స్టాంపులు అతుక్కుంటున్నాయి. ఏం చేయాలి?

సముద్రతీరంలో ఇది ప్రతి ఏటి గొడవే. మింట్ స్టాంపు వెనక జిగురు గాల్లోని తేమను పీల్చి మెత్తబడుతుంది. పైన బరువు పడితే పేజీకి పట్టేస్తుంది. స్టాక్‌బుక్‌లను పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చకండి, బీరువాలో నిలబెట్టండి, బిగుతుగా కుక్కొద్దు. గోడకు ఆనే అరలో వద్దు. గాలి చొరని డబ్బాలో పెట్టి 50 గ్రాముల సిలికా జెల్ సంచులు రెండు వేయండి. నీలం గింజలు గులాబీ అయితే (నారింజవి ఆకుపచ్చ అయితే) 110-120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. చిన్న హైగ్రోమీటర్ పెట్టుకుంటే తేమ 45-55 శాతం మధ్య ఉందో లేదో తెలుస్తుంది. మరీ పొడి చేసినా జిగురు పగిలి స్టాంపు చుట్టుకుపోతుంది.

నెలకోసారి, పొడిగా ఉన్న రోజు, పేజీలు తిప్పి గాలి తగలనివ్వండి. కలరా ఉండలు (నాఫ్తలీన్) స్టాంపుల పెట్టెలో వేయవద్దు, ఆ ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది. సిల్వర్‌ఫిష్ పురుగులకు పొడితనమే మందు.

గోధుమ రంగు మచ్చలు వచ్చాయి. తుడిస్తే పోతాయా?

అవి బూజు, తేమ వల్ల కాగితంలోనే పుట్టిన మరకలు, పైపైన ఉన్నవి కావు. ఆ స్టాంపును వెంటనే వేరే కవర్లో పెట్టండి, పక్కవాటికి పాకుతుంది. ఇంట్లోని బ్లీచింగ్ ద్రావణాలు వాడితే మచ్చ తగ్గినట్టు కనిపించి కాగితం పెళుసవుతుంది, రంగు కూడా మారుతుంది. 1951 స్విస్ లాంటి పాతవి కొనేటప్పుడే వెనక వైపు, అంచు దంతాల కొసలు భూతద్దంతో చూడటం మేలు. మచ్చ ముందుగా మొదలయ్యేది అక్కడే.

హింజ్ అంటించొచ్చా?

వాడిన స్టాంపుకు అంటించొచ్చు. మింట్ స్టాంపుకు వద్దు. జిగురు మీద మచ్చ పడితే విలువ బాగా తగ్గుతుంది. దానికి వెనక నల్ల, ముందు పారదర్శకంగా ఉండే మౌంట్ పట్టీలు వాడండి. పట్టీ ఎత్తు స్టాంపు ఎత్తు కంటే రెండు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండేలా కొలిచి కత్తిరించండి.

## పేజీలు, ప్రదర్శన

ప్రదర్శనలో పెట్టాలంటే పేజీలు ఎలా ఉండాలి?

ఒక ఫ్రేమ్‌కు (పేజీలు పెట్టే ప్రదర్శన బోర్డుకు) పదహారు ఏ4 పేజీలు. మొదటిసారి ఒక్క ఫ్రేమ్ విభాగంలో పెట్టండి. మొదటి పేజీలో శీర్షిక, ప్రణాళిక. తూనీగలకు సహజంగా కుదిరే ప్రణాళిక జీవితచక్రం: గుడ్డు, నీటిలోని పిల్ల, పొర విడిచి బయటికి రావడం, వేట, జతకట్టడం, శత్రువులు, నీటి కాలుష్యం. దేశాల వారీగా పేరిస్తే అది ఆల్బమ్ అవుతుంది గానీ థీమ్ కాదు.

అంతర్జాతీయ ఫిలాటెలీ సమాఖ్య (ఎఫ్‌ఐపీ) థీమ్ విభాగంలో వంద మార్కులు ఇలా పడతాయి: ప్రణాళిక, వికాసం, కొత్తదనం కలిపి 35, విషయ పరిజ్ఞానం, ఫిలాటెలీ పరిజ్ఞానం కలిపి 30, స్థితి 10, అరుదుదనం 20, అందం 5. కొత్తవాళ్ళు రంగుల అంచులు, అలంకారాల మీద రోజులు గడిపేది ఆ చివరి ఐదు మార్కుల కోసం. పేజీలంతా స్టాంపులే ఉంటే కూడా మార్కులు రావు. ముద్రలు, తపాలా కార్డులు, మీటర్ ముద్రలు (స్టాంపుకు బదులు యంత్రం కొట్టే రుసుము ముద్రలు), నిజంగా ప్రయాణించిన కవర్లు కలపాలి.

మాక్సిమమ్ కార్డు ఎలా చేయాలి?

పిక్చర్ పోస్ట్‌కార్డు, స్టాంపు, ముద్ర, ఈ మూడింటికీ విషయం, చోటు, కాలం కుదరాలి. కార్డు మీద ఆ జాతి ఫొటోనే ఉండాలి. ‘ఏదో ఒక తూనీగ’ అయితే చాలదు, ఎంపరర్ స్టాంపుకు ఎంపరర్ కార్డే. స్టాంపును బొమ్మ వైపే అంటించాలి. స్టాంపు బొమ్మనే పెద్దదిగా ముద్రించిన కార్డు పనికిరాదు. ముద్ర స్టాంపు చెల్లుబాటులో ఉన్న కాలానిది, ఆ విషయంతో సంబంధమున్న ఊరిది అయితే బలం ఎక్కువ.

మా అమ్మాయి ఏడో తరగతి. ఈ సరదాకు స్కాలర్‌షిప్ వస్తుందంటున్నారు, నిజమా?

నిజమే. తపాలా శాఖ 2017లో దీన్ దయాళ్ స్పర్శ్ యోజన పేరుతో మొదలుపెట్టింది. ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలకు, ఎంపికైతే ఏడాదికి ₹6,000. చదువులో మంచి మార్కులుండాలి, బడిలో ఫిలాటెలీ క్లబ్ ఉండాలి. క్లబ్ లేకపోతే పాప పేరు మీద ఫిలాటెలీ డిపాజిట్ ఖాతా ఉన్నా చాలు. ఆ ఖాతా ₹200తో తెరవొచ్చు. ఎంపికలో క్విజ్, ఆ తర్వాత ఒక ఫిలాటెలీ ప్రాజెక్టు ఉంటాయి. ప్రకటన ఎప్పుడు వస్తుందో పెద్ద పోస్టాఫీసు ఫిలాటెలీ కౌంటర్‌లో అడిగి ఉంచండి, గడువు చిన్నదిగా ఉంటుంది.